తాకట్టులో ఉన్న ఆ పది ప్లాట్లు

(విశాఖపట్నం మధురవాడ ప్రాంతంలో కొత్త కాలనీల నివాసుల సమావేశంలో ఒక రిటైర్డ్ మున్సిపల్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. ఇవాళ ప్రశ్నలు అడగాల్సింది మీరు.

నా సర్వీసంతా రోడ్లు, డ్రెయిన్లు, కల్వర్టులతోనే గడిచిపోయింది. లేఅవుట్ల తనిఖీకి వెళ్లేవాణ్ణి, పనులు చూసి రిపోర్టు రాసేవాణ్ణి, సంతకం పెట్టేవాణ్ణి. పెట్టకూడని సంతకం కూడా ఒకటి పెట్టాను. దాని సంగతి కాసేపాగి చెప్తాను. అసలు నన్ను పిలిచినప్పుడు దాని గురించి చెప్పాలనే ఒప్పుకున్నాను.

మీలో చాలామంది ఆనందపురం వైపో, పెందుర్తి, సబ్బవరం వైపో, లేదంటే తగరపువలస దాటి భోగాపురం దారిలోనో ప్లాట్లు కొన్నవాళ్లే కదా. ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి ఆ దారిలో జీడితోట కనబడితే చాలు, నాలుగు జెండాలు పాతి గేటు కట్టేస్తున్నారు. ఇరవై లక్షలు పెట్టి ప్లాటు కొంటాం. ఆ ఇరవై లక్షలూ మట్టికే కాదు. నలభై అడుగుల రోడ్డుకి, డ్రెయిన్‌కి, కరెంటు స్తంభానికి, నీళ్ల ట్యాంకుకి, బ్రోచర్‌లో పచ్చగా వేసిన ఆ పార్కుకి కూడా కలిపే కడుతున్నాం. ఇవేవీ ఆ రోజుకి అక్కడ ఉండవు. కూరగాయలు కూడా చేత్తో నొక్కి చూసి కొనేవాళ్లం, ఇక్కడ మాత్రం లేని సరుక్కి ముందే డబ్బిచ్చేస్తాం.

మరి వెంచర్ వేసినాయన డబ్బు వసూలు చేసుకుని, రోడ్లు వేయకుండా పోతే? ఆ భయం మనకే కాదు, ప్రభుత్వానికీ ఉంది. అందుకే ప్లాన్ ఇచ్చేటప్పుడే ఆయన దగ్గర ఒక హామీ తీసుకుంటుంది. మన దగ్గర ఆ హామీ పేరు మార్టగేజ్ ప్లాట్లు. 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నియమాల ప్రకారం, అమ్ముకోదగ్గ ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని ప్లాన్ మంజూరు చేసే సంస్థ పేరున తాకట్టు రిజిస్ట్రేషన్ చేయాలి. మన ప్రాంతంలో ఆ సంస్థ వీఎంఆర్‌డీఏ, అంటే విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ. 1978లో వుడాగా పుట్టి, 2018లో పేరు మార్చుకుంది. పెద్దవాళ్లు ఇప్పటికీ వుడా అనే అంటారు, నేనూ నోరు జారితే క్షమించండి. ఆ తర్వాత నియమాలకి సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి మీ లేఅవుట్ ప్రొసీడింగ్స్‌లో, అంటే మంజూరు ఉత్తర్వులో, ఏం రాసి ఉందో అదే మీకు లెక్క.

పనులు పూర్తయ్యాక ఇంజనీర్లు వచ్చి చూస్తారు. రోడ్లూ పార్కు స్థలమూ గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రాసి స్థానిక సంస్థకి అప్పగిస్తారు. అప్పుడు తాకట్టు విడిపిస్తారు, ఫైనల్ లేఅవుట్ ఇస్తారు. అంతవరకూ మీ దగ్గరున్నది డ్రాఫ్ట్ లేఅవుట్ మాత్రమే. బ్రోచర్‌లో 'అప్రూవ్డ్' అని పెద్ద అక్షరాలతో వేసింది డ్రాఫ్టా ఫైనలా అని అడిగితే ఆఫీసులో కుర్రాడు కూల్‌డ్రింక్ తెస్తానని లోపలికి వెళ్లిపోతాడు. 'ప్రపోజ్డ్' అని వేస్తే అదీ లేదు, మంజూరు కోసం కాగితం పెట్టారంతే.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నావే, నిజం వెంచర్‌వి కావు. ఐదెకరాలంటే 24,200 గజాలు. రోడ్లకీ పార్కుకీ మిగతావాటికీ 45 శాతం పోయిందనుకుందాం. అమ్మకానికి మిగిలేది 13,310 గజాలు. అందులో 15 శాతం అంటే రమారమి 2,000 గజాలు. రెండొందల గజాల ప్లాట్లయితే పది. గజం 15 వేలు అనుకుంటే ఆ పది ప్లాట్ల విలువ మూడు కోట్లు. రోడ్లు, డ్రెయిన్లు, కరెంటు, నీళ్లు అన్నీ కలిపి రెండున్నర కోట్ల పని ఉందనుకోండి. హామీ సరిపోయింది, సంతోషం.

ఇప్పుడు ఇదే ఐదెకరాలు కొండవాలులో ఉన్నాయనుకోండి. మన ఊళ్లో కొండ లేని వైపు ఏది చెప్పండి? రోడ్డుకి కోత కొయ్యాలి, పక్కన మట్టి జారకుండా రివిట్‌మెంట్ కట్టాలి, గెడ్డ, అంటే వాగు, దాటడానికి కల్వర్టు కట్టాలి, పైనుంచి వచ్చే నీళ్లకి పెద్ద డ్రెయిన్ కావాలి. ఖర్చు నాలుగు కోట్లకు పోతుంది. హామీ మాత్రం అదే పది ప్లాట్లు, అవే మూడు కోట్లు. ఎందుకంటే మన పద్ధతిలో హామీని కొలిచేది భూమి విస్తీర్ణంతో, చేయాల్సిన పని ఖర్చుతో కాదు. చదునైన పొలానికీ కొండవాలుకీ ఒకే శాతం. నా దృష్టిలో మన పద్ధతికి ఉన్న అసలు లోపం ఇదే.

ఇంకో విషయం. తాకట్టు పెట్టే ప్లాట్లు ఏవి? నేను చూసినవాటిలో సగానికి పైగా మూల ముక్కలే. గెడ్డ పక్కన ఉన్నవి, హైటెన్షన్ వైరు కింద ఉన్నవి, త్రికోణంలో మిగిలిపోయినవి. కాగితం మీద రెండొందల గజాలే, కానీ ఉచితంగా ఇచ్చినా అక్కడ ఎవరూ ఇల్లు కట్టరు. అలాంటివి విడిపించుకోవాలన్న తొందర ఆయనకి ఎందుకుంటుంది? రోడ్డు మొహం ఉన్న ప్లాట్లు, తూర్పు ఫేసింగ్ ప్లాట్లు తాకట్టులో ఉంటే మాత్రం రోలర్ తనంతట తనే వచ్చి నిలబడుతుంది. ఈ ఊళ్లో ఆశని మించిన హామీ నేను చూడలేదు.

సరే, ఆయన చేతులెత్తేశాడు. ఇప్పుడా ప్లాట్లు అమ్మి ఆ డబ్బుతో రోడ్లు వేయాలి. ఎవరు అమ్మాలి? ఫైలు పెట్టాలి, నోటీసులివ్వాలి, వేలం వేయాలి, ఆయన కోర్టుకెళ్తే స్టే వస్తుంది, తర్వాత ఎస్టిమేట్ వేయాలి, టెండర్ పిలవాలి. ఇంత టెన్షన్ నెత్తిన వేసుకునే ఆఫీసరు ఎంతమంది ఉంటారు? నేను కూడా వేసుకునేవాణ్ణి కాదేమో. మూడేళ్లలో బదిలీ అయిపోయే మనిషి ఐదేళ్ల తలనొప్పిని కొనుక్కోడు.

వేరే చోట్ల ఏం చేస్తున్నారో చూడండి. హర్యానాలో 1975 నాటి చట్టం ఉంది. అక్కడ కాలనీ వేసేవాడు అభివృద్ధి పనుల అంచనా ఖర్చులో 25 శాతానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. చూశారా, అక్కడ కొలత పని ఖర్చుతో. బ్యాంకు గ్యారంటీకి ఇంకో సుఖం ఉంది. వేలం అక్కర్లేదు, బ్యాంకుకి ఒక ఉత్తరం రాస్తే డబ్బు వస్తుంది. కాకపోతే దానికి గడువుంటుంది. గడువు తేదీ ఎవరూ గుర్తుపెట్టుకోకపోతే మర్నాటికి అది చిత్తు కాగితం. భూమికి ఆ బాధ లేదు, అది ఎక్కడికీ పోదు. అందుకని మన పద్ధతి పనికిరాదు, వాళ్లదే గొప్ప అని నేననను. వాళ్ల గుర్‌గావ్‌లో రోడ్లు చూసినవాళ్లు కూడా అలా అనరు.

మీ పిల్లలు చాలామంది కాలిఫోర్నియాలో ఉన్నారు, వాళ్లని అడగండి. అక్కడ పనులు పూర్తికాకముందే ఫైనల్ మ్యాప్, అంటే మన ఫైనల్ లేఅవుట్ లాంటిది, కావాలంటే నగరంతో ఒప్పందం రాసుకుని సెక్యూరిటీ కట్టాలి. పని పూర్తి చేస్తానన్నందుకు అంచనా ఖర్చులో సగం నుంచి నూరు శాతం దాకా ఒకటి. కూలీలకీ, మెటీరియల్ ఇచ్చినవాళ్లకీ డబ్బు ఎగ్గొట్టనన్నందుకు మళ్లీ సగం నుంచి నూరు శాతం దాకా ఇంకొకటి. పని పూర్తై నగరం తీసుకున్నాక కూడా ఏడాది పాటు లోపాలకి మరో హామీ. మనవైపు వెంచర్‌లో పనిచేసిన మట్టి కాంట్రాక్టర్లు, జేసీబీవాళ్లు బాకీల కోసం ఎండలో గేటు ముందు కూర్చోవడం నేను చూశాను. ఆ రెండో హామీ గురించి చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు. వీటిలో ఎక్కువ భాగం ష్యూరిటీ బాండ్లు, అంటే ఒక కంపెనీ డెవలపర్ తరఫున పూచీ పడుతుంది. మన దేశంలో కూడా 2022 ఏప్రిల్ నుంచి ఇన్సూరెన్స్ కంపెనీలు ష్యూరిటీ బాండ్లు ఇవ్వడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దారి తెరిచింది. లేఅవుట్ల దాకా ఎప్పుడొస్తాయో చూడాలి.

మార్టగేజ్ ప్లాట్లు కాక మనకి ఇంకో హామీ ఉంది, చాలామందికి తెలియదు. అది రెరా. రియల్ ఎస్టేట్ నియంత్రణకి వచ్చిన 2016 చట్టం. అది అపార్ట్‌మెంట్లకే అనుకుంటారు. కాదు, 500 చదరపు మీటర్లు దాటిన ప్లాట్ల వెంచర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో పెట్టాలి. పని ఎంత శాతం అయితే అంత మేరకే తీసుకోవాలి, అదీ ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫికెట్ ఇస్తేనే. వినడానికి బాగుంది కదా. కానీ ఆ 70 శాతంలోంచి నిర్మాణ ఖర్చుతో పాటు భూమి ఖరీదు కూడా తీసుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో కట్టుబడి ఖర్చు పెద్దది కాబట్టి ఇది సరిపోతుంది. ప్లాట్ల వెంచర్‌లో పెద్ద ఖర్చే భూమి. అదంతా తీసుకున్నాక రోడ్లకీ డ్రెయిన్లకీ ఖాతాలో ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి. అందుకే రెరా ఉంది కదా అని మార్టగేజ్ ప్లాట్లని గాలికి వదిలేయకండి.

ఇప్పుడు నా సంతకం సంగతి.

ఊరికి ఉత్తరాన, కొండ కింద ఒక వెంచర్. పేరు వద్దు. జనవరి నెల, సంక్రాంతి అయిన వారం. ఎండ హాయిగా ఉంది. తనిఖీకి వెళ్లాను. నల్లగా మెరిసే రోడ్డు, రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు, పార్కులో ఉయ్యాల, ట్యాంకుకి నీలం రంగు. డ్రెయిన్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిన్నగా ఉంది, లోపల ఒక ఎండుటాకు కూడా లేదు. నా వెంట వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ "సార్, ఒక చోట తవ్వి చూద్దామా" అన్నాడు. టైమైపోతోంది, ఇంకో రెండు సైట్లున్నాయి. వద్దులే అన్నాను. రిపోర్టు రాశాను, పనులు సంతృప్తికరం అని. నెలా రెండు నెలల్లో తాకట్టు విడుదలైంది. పది కాదు, పన్నెండు ప్లాట్లు. వారం తిరక్కుండా అమ్ముడుపోయాయి.

అక్టోబరులో వాన పడింది. తుపాను కాదు, మామూలు వాయుగుండం. ఆ ఏడాది అక్కడ ఇల్లు కట్టుకున్న ఒక టీచరమ్మ ఆఫీసుకొచ్చింది. చీర మోకాళ్ల దాకా బురద. "సార్, మీరు ఒకసారి వచ్చి చూడాలి" అంది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టినా బాగుండేది.

వెళ్లాను. డ్రెయిన్ తిన్నగానే ఉంది, కానీ ఎక్కడికీ పోదు. వెంచర్ గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడ అవతల వేరేవాళ్ల తోట, గెడ్డ ఇంకో రెండొందల మీటర్ల దూరంలో ఉంది. కొండ మీద నీళ్లన్నీ ఆ డ్రెయిన్‌లో దిగి, గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగి ఆవిడ ఇంటి ముందు చెరువు కట్టాయి. జనవరిలో ఎండిన డ్రెయిన్‌ని చూసి అది ఎక్కడికి వెళ్తుందని నేను అడగలేదు. రోడ్డు కోసుకుపోయిన చోట టేపు పెట్టి చూశాను. పైన తారు వేలెడు మందం లేదు. దాని కింద 75 మిల్లీమీటర్ల చొప్పున రెండు పొరల మెటల్, అంటే కంకర, ఉండాలి. ఒక్క పొర ఉంది, అది కూడా పిడికిలి సైజు రాళ్లు ఎర్రమట్టిలో పడేసి రోలర్ తిప్పినట్టుంది. ఆ రాయిని చేత్తో లాగితే వచ్చేసింది. ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా అదే పెడతాను.

వెంచర్ ఆయనకి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఫైనల్ అయిపోయింది కదండీ, ఇప్పుడది పంచాయతీది" అన్నాడు. కాగితం ప్రకారం ఆయన మాట నిజమే. గిఫ్ట్ డీడ్ అయింది, తాకట్టు విడిపోయింది. పంచాయతీలో అడిగితే అంత డ్రెయిన్ కట్టే నిధులు లేవన్నారు. కాలనీవాళ్లు తలా కొంత వేసుకుని ఆ తోట యజమానిని బతిమాలి, గెడ్డ దాకా కాలువ తవ్వించుకున్నారు. ఆ పన్నెండు ప్లాట్లలో నాలుగు ఇంకో వాన దాకా మా చేతిలో ఉండి ఉంటే ఆయన ఆ ఫోన్‌లో అలా మాట్లాడేవాడు కాదు.

అందుకే నేను అప్పట్నుంచీ ఒకటే చెబుతున్నాను. విడుదల తనిఖీ విశాఖపట్నంలో జనవరిలో చేయకూడదు. అక్టోబరు వానలు వెళ్లిన వెంటనే చేయాలి. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12న. మన ఊరి పనిని పరీక్ష పెట్టే నెల అదే. తాకట్టు ప్లాట్లు కూడా ఒక్కసారిగా వదలకూడదు. రోడ్లయ్యాక కొన్ని, నీళ్లూ కరెంటూ వచ్చాక కొన్ని, ఒక వానాకాలం గడిచాక చివరివి. నియమం మారేదాకా ఆగక్కర్లేదు. మీ సంఘం తరఫున రాతపూర్వకంగా ఒక అర్జీ ఇవ్వండి, ఫలానా లేఅవుట్ తాకట్టు విడుదలకి ముందు మాకు చెప్పండి, తనిఖీకి మేమూ వస్తాం అని. ఆ కాగితం ఫైల్లో చేరితే తనిఖీకి వచ్చే ఇంజనీరు నాలా "వద్దులే" అనలేడు.

ఏ ప్లాట్లు తాకట్టులో ఉన్నాయో ఎలా తెలుస్తుందని ఇందాక ఈ బాబు చీటీ పంపాడు. లేఅవుట్ ప్లాన్‌లోనే గుర్తు పెట్టి ఉంటాయి. ప్రొసీడింగ్స్‌లో నంబర్లుంటాయి. రిజిస్టర్ అయిన తాకట్టు కాబట్టి ఆ ప్లాట్ నంబరుతో ఈసీ, అంటే ఆస్తి మీదున్న లావాదేవీలూ తాకట్లూ చూపించే సర్టిఫికెట్, తీస్తే వచ్చేస్తుంది. కొనేముందు ఈసీ తీయమంటే మన ప్లాటుకే తీస్తాం. తాకట్టు ప్లాట్లకి కూడా తీయండి. విడుదలైపోయి ఉండి, రోడ్డు మాత్రం ఇంకా మట్టిగానే కనిపిస్తే అక్కడ ఏదో జరిగిందని అర్థం. తాకట్టులో ఉన్న ప్లాటునే మనకి అమ్మజూపిన ఘనులు కూడా ఉన్నారు, "రిలీజ్ వచ్చేస్తుందండీ, అడ్వాన్స్ ఇవ్వండి" అని. రిలీజ్ వచ్చాకే ఇస్తామనండి. మామూలు ప్లాటుకైనా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోవడానికి రెరా ఒప్పుకోదు.

ఏమ్మా, చెప్పండి. మైకు ఇటివ్వండి... ఆవిడ అడుగుతున్నది, అన్నీ విడుదలైపోయాయి, ఇప్పుడు రోడ్డు పగిలిపోయింది, ఇంక దారి లేదా అని. ఉంది. రెరాలో రిజిస్టర్ అయిన వెంచరైతే, స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ల లోపు పనితనంలోనో సేవల్లోనో లోపం చూపిస్తే 30 రోజుల్లో డబ్బు అడక్కుండా బాగుచేయాల్సిన బాధ్యత ప్రమోటర్‌దే. చేయకపోతే పరిహారం అడగొచ్చు. పని మధ్యలో ఆగి రిజిస్ట్రేషన్ రద్దయితే, మిగిలిన పనులు మేమే చేయించుకుంటాం అని ముందుగా అడిగే హక్కు కొన్నవాళ్ల సంఘానిదే. సంఘం అంటే వాట్సాప్ గ్రూపు కాదమ్మా, రిజిస్టర్ చేసిన సంఘం. మీ వెంచర్‌కి స్వాధీనం ఎప్పుడిచ్చారు? మూడేళ్లా? అయితే ఇంకా రెండేళ్లుంది. ఫొటోలు తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టి తీయండి, ఉత్త గుంట ఫొటో తీస్తే లోతెంతో ఎవరికీ తెలియదు.

పార్కు గురించి ఆ పెద్దాయన అడిగారు. పార్కు స్థలం తాకట్టులోకి రాదు, దానిది గిఫ్ట్ డీడ్ దారి. ఆ డీడ్ కాపీ తీసుకుని సర్వే చేయించండి. పక్కవాడి కాంపౌండు గోడ రెండు గజాలు లోపలికి జరిగిందేమో చూడండి, మామూలుగా జరుగుతుంది.

ఆ మూల నుంచి ఎవరో "సార్, మా వెంచర్‌కి వచ్చే నెలలో విడుదల తనిఖీ ఉంది" అంటున్నారు. ఎక్కడండీ? కొమ్మాది దాటాకా? ఎన్ని ప్లాట్లు తాకట్టులో ఉన్నాయి? ఎనిమిది. డ్రెయిన్ ఎక్కడికి వెళ్తుందో చూశారా? చూడలేదు. సరే, ఈ ఆదివారం పొద్దున్న ఆరున్నరకి వస్తాను, ఎండెక్కకముందే. ప్లాన్ కాపీ ఒకటి జిరాక్స్ తీసి ఉంచండి. గునపం మీది, టేపు నాది. నలుగురైదుగురు రండి, డ్రెయిన్ ఎగువ చివర్లో పొయ్యడానికి ఒక ట్యాంకర్ నీళ్లు కూడా చెప్పి ఉంచండి. అవి ఎక్కడ ఆగుతాయో వెనకే నడిచి చూద్దాం.